డెల్మార్ లూప్‌కు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం. చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్లలు, ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు, వాళ్లను చూడటానికి ఊరినుంచి వచ్చే అమ్మానాన్నలు డెల్మార్ లూప్ గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటన్నిటికీ జవాబులు ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయల్దేరే ముందు

లూప్ అంటారు, మ్యాప్‌లో చూస్తే తిన్నగా ఉన్న రోడ్డే కదా. గుండ్రంగా ఏముంది?

ఇప్పుడు గుండ్రంగా ఏమీ లేదు. ఉన్నది డెల్మార్ బులవార్డ్ అనే తిన్నని రోడ్డే. డౌన్‌టౌన్ నుంచి పడమరకు వచ్చే ట్రాంబండి ఒకప్పుడు ఈ ప్రాంతంలో పట్టాల మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి వెళ్లేది. ఒకవైపు నుంచి మాత్రమే నడపగలిగే బండి అలా చుట్టు తిరిగితే తప్ప ముఖం మళ్లించలేదు. ఆ చుట్టే లూప్. మన దగ్గర బస్సు ఆఖరి స్టాపు చుట్టూ టీకొట్టూ, టిఫిన్ సెంటరూ, కిరాణా పుట్టుకొచ్చినట్టే ఇక్కడా దుకాణాలు, సినిమాహాళ్లు వచ్చాయి. ఆ పాత పట్టాలు పోయినా పేరు నిలిచిపోయింది. షికాగోలో కూడా లూప్ ఉంది, అది వేరే. వెతికేటప్పుడు డెల్మార్ అన్న మాట తప్పనిసరిగా కలపండి.

మొత్తం ఎంత దూరం? అమ్మానాన్న నడవగలరా?

తూర్పున మెట్రో స్టేషన్ నుంచి పడమరన యూనివర్సిటీ సిటీ అనే ఊరి పురపాలక భవనం (సిటీ హాల్) వరకు మైలుకు కాస్త తక్కువ. ఇంటి నంబర్లు చూసుకుంటే దారి తప్పరు: స్టేషన్ దగ్గర 6000 చిల్లరతో మొదలై పడమరకు పెరుగుతూ సిటీ హాల్ దగ్గర 6801 అవుతుంది. పేజెంట్ కచేరీ హాలు 6161, టివోలి సినిమాహాలు 6350, బ్లూబెర్రీ హిల్ హోటల్ 6504, ఫిట్జెస్ హోటల్ 6605, గ్రంథాలయం 6701. రద్దీగా, చూడదగ్గదిగా ఉండేది 6200 నుంచి 6700 మధ్య. పెద్దవాళ్లను ఆ ముక్క మాత్రమే నడిపించండి. ఫుట్‌పాత్ వెడల్పుగా ఉంటుంది.

ఏ రోజు వెళ్తే బాగుంటుంది?

నడవడానికీ తినడానికీ ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు. జులైలో ఉక్కపోత విజయవాడను తలపిస్తుంది, మధ్యాహ్నం వద్దు. జనవరిలో మంచు శిల్పాల ఉత్సవం జరుగుతుంది. దానికి వెళ్తే చెవులు కప్పే టోపీ, అడుగు జారని బూట్లు ఉండాలి. శుక్ర, శనివారాల సాయంత్రం ఆరు దాటితే ఏ హోటల్లోనైనా టేబుల్ కోసం ఆగాలి. ఐదున్నరకల్లా వెళ్లి కూర్చుంటే ఆ బాధ ఉండదు. సోమవారం కొన్ని చోట్ల సెలవు.

ఇది ఏ ఊళ్లో ఉన్నట్టు? సెయింట్ లూయిసా, యూనివర్సిటీ సిటీనా?

రెండింట్లోనూ. ఊరి సరిహద్దు ఈ వీధిని అడ్డంగా కోస్తుంది. తూర్పు ముక్క సెయింట్ లూయిస్ నగరం. పడమటి ముక్క యూనివర్సిటీ సిటీ, అది సెయింట్ లూయిస్ కౌంటీలోకి వస్తుంది. నగరం 1876లో కౌంటీ నుంచి విడిపోయింది, అప్పటి నుంచీ రెండింటికీ వేర్వేరు పాలన. మీకు తేడా తెలిసేది మూడు విషయాల్లో: అమ్మకం పన్ను రేటు, పార్కింగ్ నిబంధనలు, ఏదైనా జరిగితే వచ్చే పోలీసులు. ఫోన్‌లో ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు షాపు నంబరు చెప్పండి. ఎవరి పరిధో వాళ్లే తేల్చుకుంటారు.

## చేరుకోవడం

ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా రావచ్చా?

రావచ్చు. మెట్రోలింక్ (ఇక్కడి మెట్రో రైలు) రెడ్ లైన్ లాంబర్ట్ ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరుతుంది. డెల్మార్ లూప్ పేరుతోనే స్టేషన్ ఉంది, రైలు మారనక్కర్లేదు. టికెట్ ఎక్కే ముందే కొనాలి, రైల్లో అమ్మరు. దిగాక మెట్లో లిఫ్టో ఎక్కి రోడ్డు మీదకు రండి. పైన కనిపించే రాతి భవనం పాత వాబాష్ రైల్వే కంపెనీ స్టేషన్, 1929 నాటిది. అక్కడి నుంచి పడమరకు, అంటే ఇంటి నంబర్లు పెరిగే వైపు నడవాలి. కొత్తవాళ్లు తూర్పుకు తిరిగి "ఇక్కడేమీ లేదే" అనుకోవడం మామూలే.

వాష్‌యూ (వాషింగ్టన్ యూనివర్సిటీ) క్యాంపస్ నుంచి బ్లూ లైన్ ఎక్కితే డెల్మార్ రాలేదు. ఎందుకు?

బ్లూ లైన్ డెల్మార్ స్టేషన్‌ను తాకదు. వాషింగ్టన్ యూనివర్సిటీ పక్కనున్న స్కింకర్, బిగ్ బెండ్ స్టేషన్లలో ఆగేది బ్లూ లైనే. మీరు ఫారెస్ట్ పార్క్–డెబాలివియర్‌లో దిగి, ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కితే మొదటి స్టాపే డెల్మార్ లూప్. నిజానికి క్యాంపస్ నుంచి ఉత్తరానికి ఇరవై నిమిషాలు నడిస్తే వీధి మధ్యలోకి వచ్చేస్తారు. రైలు మారడం, దాని కోసం ఆగడం కలుపుకుంటే నడకే త్వరగా అవుతుంది.

కారు ఎక్కడ పెట్టాలి? తెల్లగీత దాటితే ఏమవుతుంది?

ముందు షాపుల వెనుక ఉన్న పార్కింగ్ స్థలాలు చూడండి. వీధి పొడవునా షాపులు రోడ్డును ఆనుకునే ఉన్నాయి కాబట్టి కారు స్థలం వెనకే ఉంటుంది. రోడ్డు పక్కన పెడితే మీటరు కట్టాలి. పెట్టేటప్పుడు ట్రాలీ (ఈ వీధిలో కొత్తగా వేసిన పట్టాల మీద నడిచే పాతకాలపు తరహా ట్రాంబండి) పట్టాల పక్కనున్న తెల్లగీత చూసుకోవాలి. చక్రాలొక్కటే కాదు, అద్దంతో సహా కారు మొత్తం ఆ గీతకు లోపల ఉండాలి. ట్రాలీ పట్టాల మీద నడుస్తుంది, పక్కకు తప్పుకోలేదు. జానెడు బయటికి వచ్చిన కారు దాన్ని ఆపేస్తుంది, లేదా దానికి గీసుకుంటుంది. అలాంటి కారును లాక్కెళ్లిపోతారు. పెద్ద ఎస్‌యూవీ అయితే దిగి వెనక్కి నడిచి ఓసారి చూసుకోండి. పక్కన ఆపిన కారు తలుపు తెరిచేటప్పుడు కూడా ట్రాలీ రావడం లేదని చూడాలి.

సైకిల్ మీద వెళ్తే పట్టాల్లో ఇరుక్కుంటుందంటారు, నిజమా?

నిజమే. రోడ్డులో పాతిన పట్టా పక్కన ఒక గాడి ఉంటుంది, ట్రాలీ చక్రం అంచు అందులో దిగి తిరుగుతుంది. సన్న టైరు కూడా అందులోకి అంతే సులువుగా దిగిపోతుంది. ముందు చక్రం దిగిందంటే హ్యాండిల్ తిరగదు, మనిషి ముందుకు పడతాడు. పట్టాను ఏటవాలుగా దాటొద్దు. కాస్త ముందే వెనక చూసుకుని, వేగం తగ్గించి, సాధ్యమైనంత అడ్డంగా, తొంభై డిగ్రీలకు దగ్గరగా దాటాలి. పట్టా మీద ఉండగా బ్రేకు వేయకండి, పెడల్ గట్టిగా తొక్కకండి. వాన పడ్డాక తడి ఇనుము నూనె రాసినట్టు జారుతుంది, అప్పుడు దిగి నడిపించుకోవడమే మంచిది. తోపుడు బండిలో పసిబిడ్డను తీసుకెళ్లేవాళ్లకూ ఇదే జాగ్రత్త.

పాతకాలపు ట్రాలీ నడుస్తోందా? టికెట్ ఎంత?

లూప్ ట్రాలీ గత కొన్ని సీజన్లలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, వారంలో నాలుగు రోజులు, గురువారం నుంచి ఆదివారం వరకు నడిచింది. టికెట్ లేదు. దారి 2.2 మైళ్లు: గ్రంథాలయం దగ్గర మొదలై డెల్మార్ మీదుగా తూర్పుకు వెళ్లి, డెబాలివియర్ వీధిలో దక్షిణానికి తిరిగి, ఫారెస్ట్ పార్క్ అంచున మిస్సోరి హిస్టరీ మ్యూజియం దగ్గర ఆగుతుంది. రోజులూ వేళలూ సీజన్‌ను బట్టి మారతాయి, అందుకే బయల్దేరే రోజున మెట్రో ట్రాన్సిట్ వెబ్‌సైట్ చూసుకోండి. పిల్లలున్నవాళ్లు మ్యూజియంలో రెండు గంటలు గడిపి ట్రాలీలో లూప్‌కు వచ్చి తింటే ఒక పూట హాయిగా గడుస్తుంది. మ్యూజియం ప్రవేశం కూడా ఉచితమే. తిరిగి వెళ్లే ఆఖరి ట్రాలీ ఎప్పుడో మాత్రం ఎక్కేటప్పుడే డ్రైవరును అడగండి. సాయంత్రం త్వరగా ఆపేస్తారు.

## వీధిలో ఏం చూడాలి

షాపులన్నీ ఇంత ఇరుకుగా, ఒకదానికొకటి అతుక్కుని ఎందుకున్నాయి?

ట్రాంబండి దిగి నడిచి వచ్చేవాళ్ల కోసం కట్టిన వీధి కాబట్టి. దిగినవాడు నాలుగైదు నిమిషాలకు మించి నడవడు. ఆ నడకలో ఎన్ని గుమ్మాలు కనిపిస్తే అంత వ్యాపారం. అందుకే ముఖద్వారం సన్నగా, లోపల పొడవుగా కట్టారు. షాపు పైన ఒకటి రెండు అంతస్తుల ఇళ్లో ఆఫీసులో పెట్టారు. ముందు కారు స్థలం వదలలేదు, అప్పట్లో ఎక్కువమంది వచ్చేది కారులో కాదు. పాత సుల్తాన్ బజారులో నడిచినవాళ్లకు ఈ కొలతలు వెంటనే తెలిసొస్తాయి. సెయింట్ లూయిస్‌లో ఆఖరి ట్రాము, హోడియామంట్ లైన్, 1966 మే 21న ఆగిపోయింది. మద్రాసులో ట్రాములు 1953లోనే ఆగాయి. వాహనం పోయినా వీధి కొలతలు మారలేదు. లూప్ మళ్లీ లేచి నిలబడటానికి అసలు కారణం ఆ కొలతలేనని మా గట్టి అభిప్రాయం.

ఇంకో కారణం కూడా ఉంది. వీధికి ఎదురుగా ఉన్న కింది అంతస్తులో దుకాణాలూ హోటళ్లూ గ్యాలరీలే ఉండాలని యూనివర్సిటీ సిటీ ఒక నిబంధన పెట్టింది. ఆఫీసులు పైకెళ్లాయి. కింద వరసగా నాలుగు ఆఫీసు తలుపులు మూసి ఉంటే నడిచేవాడు అక్కడే వెనక్కి తిరుగుతాడు.

ఆ ఎనిమిది పలకల గుమ్మటం భవనం ఏమిటి? లోపలికి వెళ్లొచ్చా?

అది యూనివర్సిటీ సిటీ హాల్. ఆఫీసు వేళల్లో లోపలికి వెళ్లొచ్చు, మెట్లదారి చూడదగ్గది. ఎత్తు 135 అడుగులు. ఎడ్వర్డ్ గార్డ్నర్ లూయిస్ అనే పత్రికాధిపతి తన స్త్రీల మాసపత్రికకు కార్యాలయంగా దీన్ని కట్టించాడు, 1904 ప్రపంచ ప్రదర్శన నాటికి సిద్ధమైంది. ప్రదర్శన చూడటానికి ఊళ్లనుంచి వచ్చిన చందాదారులు బస చేయడానికి ఇక్కడే గుడారాలు వేయించాడు. ట్రాము వచ్చే చోట నేల కొని, ప్లాట్లు వేసి, 1906లో దీన్ని ఊరుగా నమోదు చేయించి తొలి మేయరయ్యాడు. ఎదురుగా రోడ్డుకు రెండు వైపులా ఎత్తైన స్తంభాల మీద సింహమూ ఆడసింహమూ కనిపిస్తాయి. చెక్కినది జార్జ్ జూలియన్ జోల్నే. ఫొటోకు ఉదయం వెళ్తే వెలుగు మీ వెనక నుంచి సింహాల మీద పడుతుంది.

ఈ లూయిస్ 1909 ప్రాంతంలో కుండల కళకు ఒక పాఠశాల కూడా నడిపాడు. అడిలైడ్ రోబినో అనే కళాకారిణి అక్కడ పనిచేస్తూ ఒక పోర్సలిన్ కుండీ మీద పేడపురుగుల నమూనాను వెయ్యి గంటల పాటు చెక్కింది. మొదటిసారి కాల్చినప్పుడు కింది భాగంలో పగుళ్లు వచ్చాయి. పారేయమన్నా వినకుండా, పగుళ్లలో మెత్తటి పోర్సలిన్ పొడి కూరి మళ్లీ కాల్చింది. ఈసారి మచ్చ లేకుండా వచ్చింది. అది ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో సిరాక్యూస్ నగరంలోని ఎవర్సన్ మ్యూజియంలో ఉంది. ఈ వీధి పక్కన తయారైన వాటిలో అంతకన్నా గొప్ప వస్తువు లేదు.

ఫుట్‌పాత్ మీద నక్షత్రాలు ఎవరివి?

సెయింట్ లూయిస్ వాక్ ఆఫ్ ఫేమ్. ఇక్కడ పుట్టినవాళ్లకో, జీవితంలో ముఖ్యమైన కాలం ఇక్కడ గడిపినవాళ్లకో ఇత్తడి నక్షత్రం, పక్కనే ఆ మనిషి ఏం చేశారో చెప్పే కంచు ఫలకం. తొలి నక్షత్రాలు 1989లో పరిచారు, ఇప్పుడు 150 దాటాయి. చక్ బెర్రీ, మైల్స్ డేవిస్, టీనా టర్నర్, జోసెఫిన్ బేకర్, మాయా ఏంజెలో, టీ.ఎస్. ఎలియట్, టెనెసీ విలియమ్స్ అందరూ ఉన్నారు. వరసక్రమం లేదు, కావలసినవాళ్ల షాపు నంబరు ముందే చూసుకుంటే వెతుకులాట తప్పుతుంది. ఫలకం చదువుతూ దారికి అడ్డంగా నిలబడకండి.

చక్ బెర్రీ విగ్రహం ఎక్కడ? ఆయనకూ ఈ వీధికీ ఏమిటి సంబంధం?

బ్లూబెర్రీ హిల్‌కు రోడ్డు అవతలి పక్క, గిటారుతో నిలబడి ఉంటుంది. ఎనిమిది అడుగుల విగ్రహం, హ్యారీ వెబర్ చేశాడు, 2011లో పెట్టారు. రాక్ అండ్ రోల్‌కు ఆద్యుల్లో ఒకడైన బెర్రీ సెయింట్ లూయిస్ మనిషి. 1996 నుంచి 2014 వరకు బ్లూబెర్రీ హిల్ నేలమాళిగలోని డక్ రూమ్‌లో 209 కచేరీలు చేశాడు. 2017లో పోయాడు. ప్రపంచమంతా తిరిగిన మనిషి సొంతూరి చిన్న గదిలో అన్నేళ్లు పాడాడు. డక్ రూమ్‌లో ఇప్పటికీ కచేరీలు జరుగుతున్నాయి, టికెట్ ముందే కొనాలి.

## తినడం, తాగడం

బీఫ్ తినం. ఇక్కడ ఏం చూసుకోవాలి?

మొదట టోస్టెడ్ రావియోలి. సెయింట్ లూయిస్ ప్రత్యేకం, పిండిలో పూర్ణం పెట్టి నూనెలో వేయించింది, చూడటానికి కజ్జికాయకు చిన్న తమ్ముడిలా ఉంటుంది. లోపల ఎక్కువగా బీఫ్ ఉంటుంది. "చీజ్ రావియోలి ఉందా" అని విడిగా అడగండి. బర్గర్ అని ఊరికే రాసి ఉంటే అది బీఫే. చిల్లీ అన్నది మిరపకాయ కాదు, మాంసం వేసి ఉడికించిన చిక్కుడు గింజల కూర.

పూర్తి శాకాహారులం. ఆకలితో తిరిగి రావాల్సిందేనా?

అక్కర్లేదు, కాకపోతే ప్రశ్న సరిగ్గా అడగాలి. "వెజిటేరియన్" అంటే కొందరు చికెన్ లేదని మాత్రమే అనుకుంటారు. "మాంసం, చేప, మాంసపు రసం, పందికొవ్వు ఏవీ లేకుండా" అని చెప్పండి. బార్బెక్యూ హోటల్లో బీన్స్‌లో మాంసం ముక్కలు, ఆకుకూరల్లో పందిమాంసం వేయడం మామూలు. మెక్సికన్ చోట నలిపిన బీన్స్‌లో పందికొవ్వు ఉండొచ్చు. సీజర్ సలాడ్ సాస్‌లో చేప. కొరియన్ కిమ్చీలో చేప సాస్. ఫ్రెంచ్ ఫ్రైస్‌ను చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారా అని అడగండి. అన్నం, టోఫు, కూరగాయలు గిన్నెలో కలిపి ఇచ్చే చోట్లు శాకాహారికి అన్నిటికన్నా సుఖం, కారం కూడా మన నోటికి సరిపోతుంది. పప్పన్నమే కావాలంటే మాత్రం పడమటి శివార్లలోని భారతీయ హోటళ్లకు కారులో వెళ్లాలి.

రూట్ బీర్ అంటే మందా? పిల్లలకు ఇవ్వొచ్చా?

మందు కాదు, పిల్లలకు ఇవ్వొచ్చు. తియ్యటి సోడా. మొదటి గుక్కలో చాలామంది తెలుగువాళ్లకు జండూబామ్ గుర్తొస్తుంది, వింటర్‌గ్రీన్ వాసన దానిదే. మూడో గుక్కకు అలవాటవుతుంది. ఫిట్జెస్ రూట్ బీర్ సెయింట్ లూయిస్‌లో 1947లో మొదలైంది, 1993లో లూప్‌లోని పాత బ్యాంకు భవనంలోకి వచ్చింది. భోజనం చేసే చోటి నుంచే సీసాల్లో నింపే పాత యంత్రం కనిపిస్తుంది: సీసాలు వరసగా వచ్చి, నిండి, మూత పడి కదిలిపోతుంటాయి. నింపడం రోజంతా ఉండదు. పిల్లలకు చూపించాలంటే ఏ రోజు, ఎన్నింటికి నడుపుతారో ఫోన్ చేసి కనుక్కోండి. ఐస్‌క్రీం ముద్ద వేసిన ఫ్లోట్ పెద్దది, ఇద్దరు పిల్లలకు ఒకటి చాలు.

బిల్లు మెనూలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. మోసమా?

మోసం కాదు. మెనూ ధర మీద రాష్ట్రం, కౌంటీ, ఊరు వేసే అమ్మకం పన్నులు కలుస్తాయి. ట్రాలీ కోసం ఏర్పాటు చేసిన రవాణా జిల్లా పన్ను ఒక శాతం కూడా ఇక్కడ విధించారు. వీటిపైన టిప్: కూర్చుని తింటే పన్నుకు ముందున్న మొత్తంపై 18 నుంచి 20 శాతం. ఆరేడుగురు కలిసి వెళ్తే కొన్ని చోట్ల టిప్ ముందే కలిపేస్తారు. బిల్లులో "గ్రాట్యుటీ" అన్న పదం ఉందేమో చూసి, ఉంటే మళ్లీ ఇవ్వకండి.

## సాయంత్రం దాటాక

పేజెంట్‌లో కచేరీకి వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?

పేజెంట్ 2000లో కట్టింది, సుమారు రెండు వేలమంది పడతారు. పక్కనే 2016లో తెరిచిన డెల్మార్ హాల్ దానికన్నా చిన్నది. టికెట్ కొనేటప్పుడు కుర్చీ ఉందా, నిలబడాలా అన్నది చూడండి. కొన్ని కార్యక్రమాలకు ముందు భాగంలో కుర్చీలు తీసేస్తారు, అమ్మానాన్నతో వెళ్లేవాళ్లకు అది చాలా ముఖ్యం. పెద్ద బ్యాగు వద్దు. రెండు హాళ్లూ మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక దూరంలోనే ఉన్నాయి, కారు లేకుండా వెళ్లడమే తెలివి.

గుర్తింపు కార్డుగా మన డ్రైవింగ్ లైసెన్స్ పనికొస్తుందా?

చాలాచోట్ల పనికిరాదు. మద్యానికి వయసు 21. గుమ్మం దగ్గర అడిగేది అసలు పాస్‌పోర్ట్ లేదా అమెరికా రాష్ట్రం ఇచ్చిన కార్డు. ఫోన్‌లో ఫొటో, జిరాక్స్ కాపీ, ఆధార్ చూపించి లాభం లేదు. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకు తిరగడం ప్రమాదం. ఆర్నెల్లకు మించి ఉండేవాళ్లు మిస్సోరి గుర్తింపు కార్డు తీసుకోండి.

టివోలిలో ఇప్పటికీ సినిమాలు వేస్తారా?

1924లో కట్టిన హాలు, 1995లో పునరుద్ధరించారు. తర్వాత ఒక చర్చి కొన్నది. వెలిగే బోర్డు, లోపలి అలంకరణ అలాగే కాపాడారు. ఆట ఉందో లేదో ఆ వారం కార్యక్రమం చూసి వెళ్లండి.

రాత్రి అక్కడ తిరగడం భయం లేదా?

మిగతా పెద్ద ఊళ్లలో తీసుకునే జాగ్రత్తే తీసుకోండి. జనం ఉన్న డెల్మార్ మీదే నడవండి, సీట్లో బ్యాగు కనిపించేలా వదిలి కారు దిగకండి. అద్దాలు పగలగొట్టే దొంగతనాలు ఈ నగరంలో మామూలు.

"డెల్మార్‌కు ఉత్తరాన అడుగుపెట్టొద్దు" అని కొత్తవాళ్లకు చెప్పే మాట వెనక మాత్రం చరిత్ర ఉంది. నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్న నగరం ఇది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, షెల్లీ వర్సెస్ క్రేమర్, ఈ ఊళ్లోని లబాడీ అవెన్యూ ఇంటి గొడవ నుంచే పుట్టింది. అయినా రోడ్డుకు ఉత్తరాన నల్లవాళ్లు, దక్షిణాన తెల్లవాళ్లు అన్న విభజన, దానితోపాటు ఆస్తి విలువల్లో తేడా చాలావరకు మిగిలాయి. దాన్ని డెల్మార్ డివైడ్ అంటారు. వీధికి ఒక పక్కనున్న మనుషులందరినీ అనుమానించమని పిల్లలకు నేర్పకండి.

## ట్రాలీ గొడవ

ఇంత డబ్బు పోసి కట్టిన ట్రాలీ ఎందుకు ఆగిపోయింది?

ఖర్చు సుమారు 51 మిలియన్ డాలర్లు, అందులో దాదాపు సగం కేంద్ర ప్రభుత్వానిది. 2015లో తవ్వకం మొదలైతే 2018 నవంబరు 16కు గానీ బండి కదల్లేదు. రోడ్డు తవ్వి ఉన్నన్నాళ్లూ దుకాణాలకు బేరం పడిపోయింది. తీరా మొదలయ్యాక రెండే బండ్లు, వారానికి నాలుగు రోజులే. టికెట్ల మీద వచ్చింది అంచనాకు చాలా దూరంలో ఆగింది. 2019 డిసెంబరు 29న ఆపేశారు.

మూలకారణం దారిలోనే ఉంది. పాత ట్రాము జనం ఇళ్ల నుంచి పనికీ, బజారుకూ తీసుకెళ్లేది, అందుకే రోజూ నిండేది. కొత్తది ఒక విహార స్థలాన్ని ఇంకో విహార స్థలంతో కలుపుతుంది. రోజూ ఎక్కవలసిన అవసరం ఎవరికీ లేదు. అదే రెండు చోట్లనూ మెట్రోలింక్ అంతకన్నా వేగంగా కలుపుతోంది.

మరి మళ్లీ ఎందుకు నడుపుతున్నారు?

నడపకపోతే కేంద్రం ఇచ్చిన గ్రాంటు తిరిగి కట్టాల్సి వస్తుంది. అలా జరిగితే ఈ ప్రాంతానికి రాబోయే రవాణా నిధుల మీద కూడా ప్రభావం పడుతుందన్న భయం. అందుకే మెట్రో నడిపే బై-స్టేట్ సంస్థ దాన్ని చేతికి తీసుకుంది. 2022 ఆగస్టులో ఉచితంగా మళ్లీ మొదలైంది.

ట్రాలీ లేని రోజు ఫారెస్ట్ పార్క్‌కు ఎలా?

డెల్మార్ లూప్ స్టేషన్‌లో తూర్పుకు వెళ్లే రెడ్ లైన్ ఎక్కి ఒక్క స్టాపు. ఫారెస్ట్ పార్క్–డెబాలివియర్‌లో దిగి దక్షిణానికి కొద్ది నిమిషాలు నడిస్తే హిస్టరీ మ్యూజియం గుమ్మం. జూ, ఆర్ట్ మ్యూజియం పార్కు లోపలికి ఇంకా దూరం. పెద్దవాళ్లతో ఉంటే స్టేషన్ దగ్గర బస్సు చూసుకోండి.